ఈ ఫైలు ఎవరిదని ఎవరూ అడగలేదు

పోయిన నెల మా అపార్ట్‌మెంట్‌లో ఒకమ్మాయి మా ఇంటికి వచ్చింది. కొత్తగా ఉద్యోగంలో చేరింది. నేను చేసిన పనే, లినక్స్ ప్యాకేజీలు కట్టే పని. టీ తాగుతూ ఒక సందేహం అడిగింది.

“ఆంటీ, రెండు ప్యాకేజీల్లో ఒకే పేరుతో ఫైలు ఉంటే ఇన్‌స్టాల్ ఆగిపోతోంది. ఫోర్స్ పెడితే ముందుకు పోతోంది. మా టీంలో అందరూ పెడుతున్నారు. పెట్టొచ్చు కదా?”

కప్పు కింద పెట్టేశాను. ఆ పిల్ల మీద కోపం కాదు. ‘అందరూ పెడుతున్నారు’ అన్న మాట మీద. నేను ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ నా చెవిలో జోరీగలా మోగిన మాట అది. మానేసి ఇంట్లో కూర్చున్నా వదల్లేదు. ఆ అమ్మాయికి నోటితో చెబితే అరిచేస్తానని, కూర్చుని రాస్తున్నాను. ఈ పనిలోకి వచ్చే మిగతా పిల్లలు కూడా చదువుకోవచ్చు.

నాకు వచ్చిన హోదాలు, నేను నింపిన అప్రైజల్ కాగితాలు ఇందులో ఉండవు. వాటి వల్ల నేను నేర్చుకున్నది ఏమీ లేదు.

అసలు గొడవ ఏమిటి

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. లినక్స్ మీద ఒక సాఫ్ట్‌వేర్ పెట్టాలంటే దాన్ని మూటకట్టి పంపిస్తాం. ఆ మూటే ప్యాకేజీ. అందులోని ప్రతి ఫైలూ యంత్రంలో ఎక్కడికి వెళ్ళాలో ముందే రాసి ఉంటుంది. మూట విప్పి సర్దేది ఇన్‌స్టాలర్. ఏ ఫైలు ఏ ప్యాకేజీదో అది గుర్తు పెట్టుకుంటుంది. రెండో ప్యాకేజీ వచ్చి, అదే చోట అదే పేరుతో ఇంకో ఫైలు పెట్టబోతే, ఇన్‌స్టాలర్ ఆగిపోతుంది. “ఇది ఇప్పటికే ఫలానావాళ్ళది. నేను దీని మీద రాయను” అంటుంది.

అంతే. అది చెడిపోలేదు. మిమ్మల్ని ఒక ప్రశ్న అడిగింది. ఒకే ఫ్లాటుకి రెండు కుటుంబాలు సామాను తెచ్చుకుంటే వాచ్‌మన్ ఆపి అడగడూ? అడిగినందుకు వాచ్‌మన్‌ని పక్కకి తోసేస్తామా?

మా ఆఫీసులో తోసేసేవాళ్ళు. ఇన్‌స్టాలర్‌కి ‘ఫోర్స్’ అని ఒక మాట జోడిస్తే నోరు మూసుకుని పాత ఫైలు మీద కొత్త ఫైలు రాసేస్తుంది. పాతది పోతుంది. పోయిందని ఎవరికీ కబురు అందదు. పాత ప్యాకేజీ మాత్రం జాబితాలో నిక్షేపంగా కనిపిస్తూనే ఉంటుంది, లోపల దాని ఫైలు ఇంకొకరిది అయిపోయి. ఇంతకంటే పెద్ద మోసం నా వృత్తిలో నేను చూడలేదు.

కాపీ కొట్టిన ఫోల్డరు

ఒకే పేరు రెండు చోట్ల ఎలా పుడుతుందని అడుగుతారేమో. యాదృచ్ఛికం అని మాత్రం అనకండి.

మా కంపెనీ ఆసుపత్రులకి సాఫ్ట్‌వేర్ చేసేది. హైటెక్ సిటీలో ఒక అద్దాల మేడలో మాది ఒక అంతస్తు. కిటికీ వైపు ల్యాబ్ టీం, లిఫ్టు వైపు ఫార్మసీ టీం, మధ్యలో కాఫీ మెషీను. ల్యాబ్ వాళ్ళది రక్తం తీసిన ట్యూబుల మీద రోగి పేరుతో స్టిక్కర్ అచ్చు కొట్టే సాఫ్ట్‌వేర్. ఫార్మసీ వాళ్ళది మందుల పొట్లాల మీద స్టిక్కర్ కొట్టేది.

మన దగ్గర కొత్త ప్రాజెక్టు ఎలా మొదలవుతుందో మీకూ తెలుసు. పక్కవాళ్ళ ఫోల్డరు కాపీ కొట్టడంతో మొదలవుతుంది. ఫార్మసీ టీం ల్యాబ్ టీం ఫోల్డరు కాపీ కొట్టింది. పైన ప్యాకేజీ పేరు మార్చింది, లోపల ప్రోగ్రాం తమకి కావలసినట్టు తిరగరాసింది. ఆ ప్రోగ్రాం పేరు మాత్రం మార్చలేదు. ల్యాబ్‌లోనూ ‘ప్రింట్-లేబుల్’, ఫార్మసీలోనూ ‘ప్రింట్-లేబుల్’. రెండూ వెళ్ళి కూర్చునేది ఒకే చోట.

నేను చూసినప్పుడల్లా చెప్పేదాన్ని, “బాబూ, పేరు ముందు మీ ప్యాకేజీ పేరు తగిలించండి” అని. “అవి వేరే వేరే మెషీన్లలో ఉంటాయి కదా మేడం” అనేవాళ్ళు. నిజమే, అప్పటిదాకా అలాగే ఉండేవి. ల్యాబ్‌కి ఒక మెషీను, మందుల కౌంటరుకి ఒక మెషీను. ఎవరి దారి వాళ్ళది కాబట్టి గొడవ బయటపడలేదు. బయటపడని గొడవని లేని గొడవ అనుకోవడం మా అంతస్తు మొత్తానికీ ఉన్న జబ్బు. దానికి తోడు ఆ రెండు టీంల మేనేజర్లు కాఫీ మెషీను దగ్గర ఎదురుపడినా మొహాలు తిప్పుకునే రకం. పేరు ఎవరు మార్చాలన్నది వాళ్ళకి పరువు సమస్య అయింది. పెద్దవాళ్ళు, పిల్లలున్నవాళ్ళు, ఒక ఫైలు పేరు కోసం బిగుసుకు కూర్చున్నారు. నేను రెండు వైపులా తిరిగి తిరిగి విసిగిపోయాను.

ముహూర్తం

మియాపూర్‌లో ఒక ఆసుపత్రి మా సాఫ్ట్‌వేర్ తీసుకుంది. మా డెలివరీ హెడ్ ప్రభాకర్ గారు. కోనసీమ మనిషి, మాట మెత్తన, పట్టు గట్టి. ఇంజనీర్లు మాటిమాటికీ ఆసుపత్రికి తిరగకుండా, ప్రతి మెషీనులో అన్ని ప్యాకేజీలూ ఒకేసారి పెట్టేయమని ఆయన హుకుం. అంటే ల్యాబ్ మెషీనులో ఫార్మసీ కూడా.

ఈ ఐటీ కారిడార్‌లో సాఫ్ట్‌వేర్ మొదలుపెట్టడం అంటే చిన్న గృహప్రవేశం. సర్వరుకి బొట్టు, దండ, పైన నిమ్మకాయ, పంతులుగారు. అందులో నాకేమీ అభ్యంతరం లేదు. మాది కడప. మా ఇంట్లో మిక్సీ కొన్నా పసుపు రాస్తాం. పంతులుగారు చెప్పిన ఘడియలోనే ఇన్‌స్టాల్ మొదలుపెట్టి, ఆ ఘడియలోనే ముగించాలని పట్టుబట్టడమే నాకు మింగుడు పడనిది.

ఆ ఉదయం నేను ఆఫీసులో ఉన్నాను. ఆసుపత్రి నుంచి మా ఇంజనీరు యాదగిరి ఫోన్ చేశాడు. నల్గొండ కుర్రాడు, చెప్పిన పని చెప్పినట్టు చేసేవాడు.

“మేడం, ఎర్రగ వచ్చింది. ఇన్‌స్టాల్ ఆగిపోయింది. ప్రింట్-లేబుల్ అనే ఫైలు ఇప్పటికే ల్యాబ్ ప్యాకేజీది ఉందంటుంది. ఏం జెయ్యమంటరు?”

“ఏమీ చేయొద్దు. అక్కడే ఆపు. నేను రెండూ చూసి పేరు మార్చి పంపిస్తా. సాయంత్రానికి అయిపోతుంది.”

“సార్ పక్కనే ఉన్నరు మేడం. కొబ్బరికాయ గూడ కొట్టిన్రు. పంతులు గడియారం జూస్తుండు.”

ఫోన్ ప్రభాకర్ గారి చేతికి వెళ్ళింది. “రాజేశ్వరి గారూ, ఇదేంటండి? శుభమా అని మొదలుపెడితే స్క్రీన్ మీద ఎర్ర అక్షరాలేంటండి? సూపరింటెండెంట్ గారు చూస్తున్నారు. ఫోర్స్ పెట్టించండి, అయిపోద్ది.”

“ప్రభాకర్ గారూ, అది అపశకునం కాదు, ప్రశ్న. ఆ ఫైలు ఎవరిదని అడుగుతోంది. జవాబు చెప్పి ముందుకు పోవాలి.”

“జవాబు రేపు చెప్పుకుందామండి. ముహూర్తం రేపటిదాకా ఆగదు కదండి.”

“నేను మాత్రం పెట్టమని చెప్పను.”

“మీరు చెప్పక్కర్లేదులెండి” అని ఫోన్ పెట్టేశారు. యాదగిరి చేత ఫోర్స్ పెట్టించారు. స్క్రీన్ మీద పచ్చ అక్షరాలు వచ్చాయి. అందరూ చప్పట్లు కొట్టి లడ్డూలు తిన్నారు. ఆ లడ్డూలు సాయంత్రం మా అంతస్తుకీ వచ్చాయి. నేను ముట్టుకోలేదు. ఆసుపత్రిలో ఆ ఫైలు సంగతి తేల్చేదాకా ల్యాబ్ మెషీను వాడొద్దని ఆయనకి మెయిల్ రాశాను. ‘నోటెడ్’ అని జవాబు వచ్చింది. చూశాం, చేయం అని దానికి అర్థం. ల్యాబ్ మెషీను మర్నాటి నుంచే నడిచింది. ప్యాకేజీ తిరగరాద్దామంటే ఫార్మసీ మేనేజర్ సంతకం కావాలన్నారు. ఆయన సెలవులో ఉన్నాడన్నారు.

ఎస్తేరు సిస్టర్

కొన్నాళ్ళకి యాదగిరి నా సీటు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. మొహం పాలిపోయి ఉంది.

“మేడం, మియాపూర్ల ఒక సిస్టర్‌ని డ్యూటీ నుంచి తీసేసిన్రు. రక్తం తీసే కౌంటర్ల ఉంటది, ఎస్తేరు అని. ఒకరి ట్యూబుకి ఇంకొకరి స్టిక్కర్ అతికించిందట. ఎంక్వయిరీ బెట్టిన్రు.”

జరిగింది ఇది. ఇద్దరు ఒకరి వెనక ఒకరు రక్తం ఇచ్చారు. ముందు ఒకావిడ, ఆసుపత్రి దగ్గరే ఉంటారు. ఆవిడ వెనక ఒకాయన, మూసాపేట నుంచి వచ్చారు. ఆయన రక్తంలో పొటాషియం ప్రమాదకరంగా పెరిగి ఉంది. ఆ రిపోర్టు ఆవిడ పేరు మీద వచ్చింది. ఏ జబ్బూ లేని ఆవిడని భయపెట్టి మంచం ఎక్కించారు. గుండె ఏ క్షణాన ఆగుతుందో తెలియని ఆయనని, ఆయన పేరు మీద చెడు రిపోర్టేదీ రాలేదు కాబట్టి బాగానే ఉన్నారని ఇంటికి పంపారు. ఆవిడ గుండె మామూలుగా కొట్టుకోవడం చూసి డాక్టరుకి అనుమానం వచ్చి, మళ్ళీ పరీక్ష చేయించి, మూసాపేటకి అంబులెన్స్ పరిగెత్తించారు. ఆయన బతికి ఉన్నారు కాబట్టే నేనింత గొంతు పెంచి రాయగలుగుతున్నాను.

నేను ఆఫీసు నుంచే ఆ ల్యాబ్ మెషీనులోకి వెళ్ళాను. ఈ ఫైలు ఎవరిదని ఇన్‌స్టాలర్‌ని అడగడానికి ఒక ఆదేశం ఉంది, ఒక్క వరుస. అడిగాను. ‘ఫార్మసీ’ అంది. రక్తం తీసే కౌంటరులో మందుల పొట్లాల ప్రోగ్రాం స్టిక్కర్లు కొడుతోంది.

ఆ ప్రోగ్రాం తెరిచి చదివాను. మందుల కౌంటరులో ఒకే రోగికి నాలుగైదు పొట్లాలు ఇస్తారు. అందుకని, ఒక స్టిక్కర్ వచ్చీరాగానే మళ్ళీ నొక్కితే, అదే రోగికి ఇంకో పొట్లం కాబోలనుకుని పాత పేరుతోనే ఇంకోటి కొడుతుంది. రోగి మారితే వాళ్ళు ముందు ‘కొత్త రోగి’ అన్న మీట నొక్కుతారు. ల్యాబ్ స్క్రీన్ మీద అలాంటి మీటే లేదు. ఉండాల్సిన అవసరం లేదు, వాళ్ళ సొంత ప్రోగ్రాం ప్రతిసారీ కొత్త పేరే తీసుకునేది. అంటే నెమ్మదిగా పని చేస్తే అన్నీ సరిగ్గా వస్తాయి. పొద్దున్నే పరగడుపున జనం బారులు తీరినప్పుడు, చేతులు చురుగ్గా ఆడించే మనిషికి మాత్రం ముందువాళ్ళ పేరు వెనకవాళ్ళకి వస్తుంది. బాగా పని చేసేవాళ్ళని పట్టుకుని మరీ దోషిని చేసే ప్రోగ్రాం అయింది అది. అది రాసిన ఫార్మసీ పిల్లల తప్పు కాదు. వాళ్ళ చోట అది సరైనదే.

మానవ తప్పిదం

ప్రభాకర్ గారి గదిలోకి వెళ్ళి ఇదంతా చెప్పాను. ఆయన ఓపికగా విన్నారు. తర్వాత తన స్క్రీన్ నా వైపు తిప్పారు. ఆసుపత్రికి పంపాల్సిన రిపోర్టు అప్పటికే రాసి ఉంది. కారణం అన్న చోట ‘లేబుల్ అతికించడంలో మానవ తప్పిదం’.

“ఆవిడ సరిగ్గానే అతికించింది. తప్పు పేరు కొట్టింది మన ప్రోగ్రాం” అన్నాను.

“నాకు అర్థమైందండి. కానీ మనం ఒప్పుకుంటే మిగతా ఆసుపత్రులన్నీ అడుగుతాయి కదండి, మా దగ్గర కూడా ఇలా ఉందా అని.”

“అడగాలి.”

“రాజేశ్వరి గారూ, మీరు ఆవేశపడుతున్నారు. ప్యాకేజీ సరిచేసేద్దాం, నేనే సంతకం పెట్టిస్తాను. ఆ నర్సు సంగతి వాళ్ళ ఆసుపత్రి వ్యవహారం. మందలించి వదిలేస్తారండి.”

కోపం వస్తే నా భాష కడపకి వెళ్ళిపోతుంది. “ఏం మాట్లాడతాండారు ప్రభాకర్ గారూ? ఆయమ్మ బతుకు గదా అది. మనం చేసింది ఆయమ్మ నెత్తిన రుద్దతారా?”

ఆయన తలుపు వేసి రమ్మన్నట్టు సైగ చేశారు. నేను ఆ తెరిచి ఉన్న తలుపులోంచే బయటికి వెళ్ళిపోయాను.

ఇన్నేళ్ళలో నేను చాలామంది బాసులని చూశాను. కేకలు వేసేవాళ్ళు, పని రానివాళ్ళు, నా పని తమ పేరుతో పైకి పంపుకున్నవాళ్ళు. వాళ్ళందరినీ ఎప్పుడో మర్చిపోయాను. ఈ మెత్తటి గొంతుని మాత్రం క్షమించలేకపోయాను. అర్థమైందండీ అని అంటూనే అబద్ధం మీద సంతకం పెట్టే మనిషి కంటే, అర్థం కాక అరిచేవాడు వెయ్యి రెట్లు నయం.

మధ్యాహ్నం యాదగిరిని వెంటబెట్టుకుని మెట్రోలో మియాపూర్ వెళ్ళాను. కంపెనీ తరఫున కాదు, నా అంతట నేను. సూపరింటెండెంట్ గారిని కలిసి, ల్యాబ్ కౌంటరు దగ్గరికి ఒక్కసారి రమ్మని బతిమాలాను. ఎస్తేరు సిస్టర్‌ని కూడా పిలిపించమన్నాను. ఎంక్వయిరీ కోసం ఆమె ఆ రోజు అక్కడే ఉంది. సన్నటి మనిషి, కళ్ళు ఉబ్బి ఉన్నాయి. నన్ను ఇంకో ఎంక్వయిరీ ఆఫీసరు అనుకుంది.

“నేను తప్పు జెయ్యలే మేడం. స్క్రీన్ మీద ఒక పేరుంటే స్టిక్కర్ మీద ఇంకో పేరొస్తుందని మొదలే చెప్పిన. కంప్యూటర్ ఎందుకు తప్పు చేస్తది, నువ్వే పరేషాన్ల అతికిస్తున్నవ్ అన్నరు. కండ్లవడ్డయి చింపి పడేసిన. కండ్లవడనిది పోయింది.” ఆమె నా వైపు తిరిగింది. “ఈ మచ్చ వడ్డంక ఏ దవాఖానల తీసుకుంటరు మేడం నన్ను?”

కౌంటరు ఖాళీగా ఉంది. నేను రెండు ఉత్తుత్తి పేర్లు ఎక్కించి, ఒకటి నొక్కి, ఆగి, రెండోది నొక్కాను. రెండు పేర్లూ సరిగ్గా వచ్చాయి. సూపరింటెండెంట్ గారు నా వైపు చూశారు.

“సిస్టర్, పొద్దున జనం ఉన్నప్పుడు ఎలా నొక్కుతారో అలా నొక్కండి” అన్నాను.

ఆమె కూర్చుంది. చకచకా నొక్కింది. రెండు స్టిక్కర్లు బయటికి వచ్చాయి. రెంటి మీదా మొదటి పేరే. స్క్రీన్ మీద రెండో పేరు అలాగే వెలుగుతోంది.

సూపరింటెండెంట్ గారు తానే కూర్చుని నొక్కి చూశారు. ఆయనకీ అంతే. యాదగిరి గోడ వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు. ఆ ఫోర్స్ నొక్కిన వేలు తనది కదా అని ఇప్పటికీ అంటుంటాడు. నొక్కించినవాళ్ళు మాత్రం ఎన్నడూ అనగా నేను వినలేదు.

ఎస్తేరుని మర్నాడు డ్యూటీలోకి తీసుకున్నారు. కానీ ఎలా తీసుకున్నారో వినండి. ‘ఇకమీదట జాగ్రత్తగా ఉండాలన్న హెచ్చరికతో’. దేనికి హెచ్చరిక? ఆమె చేసిన తప్పు ఏమిటి? మా కంపెనీ పంపిన రిపోర్టులో ‘ఉభయపక్షాల లోపం’ అని ఉంది. ఒక పక్షం ఫైలుని తొక్కేసింది, ఒక పక్షం లడ్డూ తింది, మూడో పక్షం మాట పడింది. ఆ హెచ్చరిక తీయించాలని నేను రెండు చోట్లా తిరిగాను, అరిచాను, మా హెచ్.ఆర్. వాళ్ళ చేత చీవాట్లు తిన్నాను. తీయలేదు. “పోనియ్యండి మేడం, డ్యూటీ ఇచ్చిన్రు, గంతే చాలు” అని ఎస్తేరే నన్ను ఓదార్చింది. నాకు మాత్రం ఈ రోజుకీ చాలలేదు.

చేయాల్సిన పని

ఇప్పుడు ఆ అమ్మాయి అడిగినదానికి జవాబు. ఇన్‌స్టాలర్ ఆగిందంటే ముందు ఆ ఫైలు ఎవరిదో అడుగు. తర్వాత రెండు ఫైళ్ళూ తెరిచి చదువు. చదవకుండా ఏదీ చేయకు. రెండూ నిజంగా ఒకటే అయితే దాన్ని బయటికి తీసి మూడో ప్యాకేజీగా కట్టు, మొదటి రెండు ప్యాకేజీలూ దాని మీద ఆధారపడతాయి. పేరు ఒకటై పని వేరైతే పేరు మార్చు. మార్చాల్సింది తర్వాత వచ్చినవాళ్ళు. వాళ్ళు బిగుసుకుంటే వాళ్ళ పైవాళ్ళ దగ్గరికి పో. కొత్త ప్యాకేజీ పాతదాని స్థానంలోకి వస్తుంటే ఆ మాట ప్యాకేజీలోనే రాయి, అప్పుడు పాతది మర్యాదగా తప్పుకుంటుంది. రెండూ ఒక మెషీనులో ఎప్పటికీ పొసగవనుకుంటే అదీ రాయి.

ఇందులో ఏదీ పెద్ద విద్య కాదు. ఫార్మసీ ప్రోగ్రాం పేరు నేను చివరికి మార్చినప్పుడు, టీ చల్లారేలోపు పని అయిపోయింది. ఆ పాటి పని చేయనివ్వకనే ఒక మనిషిని చావు దాకా, ఇంకొక మనిషిని ఎంక్వయిరీ దాకా తీసుకుపోయారు.

ఫోర్స్ అన్న మాట ఎందుకు పెట్టారని అడుగుతావేమో. విరిగిపోయిన మెషీనుని లేపడానికి, తాను ఏం తొక్కుతున్నాడో తెలిసినవాడి కోసం పెట్టారు. అందరూ పెడుతున్నారంటే, అందరూ చదవడం మానేశారని అర్థం. నీ పైవాడు పెట్టమంటే, “ఇది ఎవరిదో చెప్పండి, పెడతాను” అను. చెప్పలేడు. కోపగించుకుంటాడు. కోపగించుకోనీ.

నా పేరు

నాకు షుగర్ ఉంది. కొండాపూర్‌లో గల్లీకొక డయాగ్నస్టిక్ సెంటర్ ఉంది, ఇంటికొచ్చి రక్తం తీసుకుపోయేవాళ్ళూ ఉన్నారు. అయినా నేను మియాపూర్ పోతాను.

మొన్న పొద్దున వెళ్ళినప్పుడు బారు బాగా పొడవుగా ఉంది, నెమ్మదిగా కదులుతోంది. నా ముందున్న పెద్దమనిషి గొణిగాడు, “గీ సిస్టర్ ఒక్కొక్కలకి గింత సేపు జేస్తది” అని. నా వంతు వచ్చింది. ఎస్తేరు నన్ను చూసి నవ్వింది. “మంచిగున్నరా మేడం? మోకాళ్ళ నొప్పులు తగ్గినయా?” అంది. సూది గుచ్చింది. నొప్పి తెలియలేదు. ట్యూబు పక్కన పెట్టి, మెషీను నుంచి వచ్చిన స్టిక్కర్ చేత్తో పట్టుకుని, దాన్ని నాకు కనిపించకుండా తన వైపు తిప్పుకుంది.

“మీ పేరు చెప్పుండ్రి.”

“అదేంది ఎస్తేరూ, నా పేరు నీకు తెలీదా?”

“తెలుసు మేడం. అయినా మీరు చెప్పుండ్రి. అందర్ని అడుగుత. తిట్టుకుంటరు, తిట్టుకోనీ.”

ఆ మెషీనులో ఇప్పుడున్నది సరైన ప్రోగ్రాం. నా చేత్తో కట్టిన ప్యాకేజీ. ఇక అక్కడ తప్పు పేరు రాదని ఆమెకి చెప్పొచ్చు. నోటి దాకా వచ్చింది కూడా. అలాంటి మాట ఆమెకి మా కంపెనీ తరఫున ఇంతకుముందే ఎవరో చెప్పి ఉంటారని గుర్తొచ్చి మింగేశాను.

“రాజేశ్వరి” అన్నాను.

ఆమె స్టిక్కర్ చూసింది. “ఇంటిపేరు గూడ మేడం.”

ఇంటిపేరుతో సహా మళ్ళీ చెప్పాను. అప్పుడు అతికించింది.